తిరగని బండికి ఇంత ధర ఎందుకు?

పాత మోటారుకార్లను బాగుచేయించి ప్రదర్శించడం, పాత పందెపు కార్లను వేలంలో అమ్మడం చరిత్ర పరిరక్షణే అని నమ్మేవారు మన నగరంలో నానాటికీ పెరుగుతున్నారు. ఆదివారం అనుబంధాలు తిరగేస్తే చాలు. ఏదో ఒక నవాబుగారి మోటారు, దాని పక్కన చేతులు కట్టుకుని నిలబడిన ఒక పెద్దమనిషి, కింద 'వారసత్వం', 'అభిరుచి', 'పూర్వవైభవం' అనే మూడు మాటలు. ఈ మూడు మాటలూ నిజమే అయితే నాకీ వ్యాసం రాసే పని లేకపోయేది.

నా వృత్తి తెలుగు చెప్పడం. మూసీ దక్షిణపుటొడ్డున, పాతబస్తీలో, ఒక డిగ్రీ కళాశాలలో ప్రబంధాలూ ఆధునిక కవిత్వమూ పాఠం చెప్పుకుంటూ బతుకుతున్నాను. మోటార్ల గురించి మాట్లాడే అర్హత నీకెక్కడిదని ఎవరైనా అడగవచ్చు. నాకు కారు నడపడం కూడా రాదు. కాని శిథిలమైన పాత ప్రతిని పరిష్కరించడమంటే ఏమిటో కొంత తెలుసు. నా తరగతిలో కూర్చునే పిల్లల్లో కొందరు పొద్దుటిపూట షెడ్లలో డెంటింగు పనిచేసి, గోళ్ళ కింద గ్రీజు పూర్తిగా పోకుండానే పరుగెత్తుకొచ్చేవాళ్ళు. ఈ వివాదంలో దిగడానికి ఈ రెండూ చాలుననుకుంటున్నాను.

నాకు పేచీ రెండు పక్షాలతోనూ ఉన్నది. ఒకరు, పైన చెప్పిన వైభవవాదులు. రెండోవారు మనవాళ్ళే. "అవన్నీ దొరల బొమ్మలు. ఉంటే ఎంత, పోతే ఎంత? అమ్ముకుంటే అమ్ముకోనీ" అనేవాళ్ళు. రెండో పక్షం వారి మాట వినడానికి విప్లవాత్మకంగా ఉంటుంది. ఫలితంలో మాత్రం మొదటి పక్షం వారికే అది సాయం చేస్తుంది. ఎట్లానో తర్వాత చెబుతాను.

ముందు చౌమహల్లా ప్యాలెసుకు వెళదాం. లాడ్ బజారు గాజుల దుకాణాలు దాటి ఖిల్వత్ వైపు నడిస్తే వచ్చే ఆ ప్యాలెసు 2005లో ప్రజలకు తెరిచారు. 2010లో దాని పునరుద్ధరణకు యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం కూడా వచ్చింది. భవనాల పని బాగా చేశారు, ఆ మాట అనడానికి నాకు అభ్యంతరం లేదు. లోపల కార్లుంచిన చోట పసుపుపచ్చ రంగు రోల్స్ రాయిస్ ఒకటి ఉన్నది. 'సిల్వర్ ఘోస్ట్' రకం, ఆరు సిలిండర్ల బండి, 1912 నాటిది. పైకట్టు లండన్‌లోని బార్కర్ కంపెనీది. వెనక ఆసనం సింహాసనంలాగా ఎత్తు చేసి కట్టారు గనుక దాన్ని 'సింహాసనపు కారు' అంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1911లో ఆర్డరు చేశాడు. అదే సంవత్సరం ఆగస్టులో చనిపోయాడు. బండి కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కింది. అది తన జీవితకాలంలో తిరిగినదల్లా కొన్ని వందల మైళ్ళేనని చెబుతారు.

చూడవచ్చినవాళ్ళు ఆ కొన్ని వందల మైళ్ళ సంగతి విని ముక్కున వేలేసుకుంటారు. ఎంత అపురూపం, ఎంత కొత్తగా ఉన్నది అంటారు. నాకు మాత్రం ఆ మైళ్ళ లెక్క దగ్గర వేరే ప్రశ్న పుడుతుంది. నడపడానికి కాకపోతే ఆ బండి ఎందుకు చేయించారు?

ఊరేగడానికి. ప్రయాణం చేయడానికీ ఊరేగడానికీ ఉన్న తేడా తెలంగాణ పల్లెకు ఎవరూ చెప్పనక్కరలేదు. దేశ్‌ముఖు కచ్చడం బండి కదిలితే దాని ముందూ వెనకా వెట్టివాళ్ళు పరుగెత్తాలి. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన గ్రంథంలో ఈ ఆచారాన్ని నమోదు చేశాడు. బండికి ఎద్దులున్నాయి, తోలేవాడున్నాడు, దారి తెలిసిందే. అయినా మనిషి పరుగెత్తాలి. ఆ పరుగు వల్ల ప్రయాణం ఒక్క అడుగు కూడా ముందుకు సాగదు. ఒకడు కూర్చున్నాడనీ, ఇంకొకడు పరుగెత్తుతున్నాడనీ ఊరికి కనబడాలి, అంతే. సింహాసనపు కారు ఈ కచ్చడానికి పెద్దన్న. దాని డబ్బు వచ్చింది కూడా ఆ మట్టిలోంచే. సర్ఫెఖాస్ పేరుతో నిజాం సొంత ఖర్చులకు వేరుగా ఉంచుకున్న భూములుండేవి. వాటి శిస్తు రాజ్యపు ఖజానాకు కాక నేరుగా దేవిడీకి పోయేది. 1949లో గాని ఆ భూములు ప్రభుత్వంలో కలవలేదు. అదే ఏడాది ఆగస్టులో జాగీర్ల రద్దు శాసనం వచ్చింది. ఆ రెండూ ఎవరి దయ వల్లనూ రాలేదు. కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య ఒరిగిపోయిన తర్వాత మూడేళ్ళ పోరాటం వాటి వెనక ఉన్నది. రద్దు చేస్తూ కూడా నష్టపరిహారాలు, ఏటా 50 లక్షల రాజభరణం అప్పగించారు. (మన సంస్థానాధీశులందరికీ రాజభరణాలు రద్దుకావడానికి 1971 దాకా ఆగవలసి వచ్చింది.)

ఇక్కడ ఒక కట్టుకథ ప్రస్తావించక తప్పదు. ఇంగ్లండులో దుకాణంవాడు అవమానించాడని ఒక భారతీయ మహారాజు రోల్స్ రాయిస్ కార్లు కొని వాటితో ఊరి చెత్త ఎత్తించాడట. కథ చెప్పేవాణ్ణి బట్టి ఆ రాజు ఒకసారి ఆళ్వారు రాజు, ఒకసారి పటియాలా రాజు, మనవాళ్ళు చెబితే నిజాం. దీనికి ఏ ఆధారమూ ఎవరూ చూపలేదు. అయినా ఈ కథంటే దేశభక్తులకు ప్రాణం. నా సహోద్యోగి ఒకరు, పాఠశాల రోజుల నుంచీ ఎర్రజెండా మోసినవాడు, మొన్న స్టాఫ్‌రూములో కళ్ళు మెరుస్తుండగా ఈ కథ చెప్పాడు. తెల్లవాడికి బుద్ధి చెప్పాడండీ అని. నిజమే అనుకుందాం. బుద్ధి చెప్పడానికి కొన్న కార్ల డబ్బు తెల్లవాడి జేబులోకే పోయింది గదా! ఆ డబ్బు ఇచ్చిన రైతు ఈ కథలో ఎక్కడున్నాడు? చెత్త ఎత్తిన పాకీ మనిషి ఎక్కడున్నాడు? రాజుగారి పరువు మన పరువైపోయి, మనం మరచిపోవలసినదంతా మరచిపోవడానికి ఇంతకంటె సులువైన దారి లేదు.

సరే, హైదరాబాదు సంగతి కాసేపు పక్కన పెట్టి వేలంపాటల లోకం చూద్దాం. అక్కడ ఈ రోగం లక్షణాలు ఇంకా స్పష్టంగా కనబడతాయి.

ప్రపంచంలో ఇంతవరకు వేలంలో అత్యధిక ధర పలికిన కారు ఒక మెర్సిడెస్. 1955లో తయారైన 300 ఎస్ఎల్ఆర్ కూపే. అటువంటివి రెండే చేశారు. 2022 మేలో స్టుట్‌గార్ట్‌లో, ఆ కంపెనీ మ్యూజియంలోనే, 13.5 కోట్ల యూరోలకు అమ్మారు. అప్పటి మారకం ప్రకారం సుమారు 1,100 కోట్ల రూపాయలు. దాన్ని పందెపు కార్ల వంశానికి శిఖరమని పొగుడుతారు. కాని ఆ బండి ఏ పందెంలోనూ పరుగెత్తలేదు. కారణం ఏమిటి? 1955 జూన్ 11న ఫ్రాన్సులో లమాన్ పందెంలో దాని సోదరి బండి, అదే 300 ఎస్ఎల్ఆర్ రకం, జనం మీదికి ఎగిరిపడి అంటుకున్నది. బాడీ మెగ్నీషియం మిశ్రమలోహం గనుక నీళ్ళు పోసినకొద్దీ ఇంకా మండింది. చోదకుడితో పాటు ఎనభైమందికి పైగా ప్రేక్షకులు చచ్చిపోయారు. పందెం ఆపలేదు. అర్ధరాత్రి దాటాక మెర్సిడెస్ తన మిగిలిన బండ్లను వెనక్కు పిలిచింది. ఆ ఏడాది చివరికి పందేల నుంచే తప్పుకున్నది. పందెంలో దిగవలసిన కూపే అట్లా దిగకుండా మిగిలిపోయింది. దిగి ఉంటే గీతలు పడేవి, విరిగేది, బహుశా తుక్కయ్యేది. ఎనభైమంది చావు ఆ బండిని కొత్తగా ఉంచింది. 1,100 కోట్లలో ఆ చావుల వాటా ఎంతో ఏ జాబితాలోనూ రాయరు. అమ్మిన డబ్బు యువకుల విద్యార్థివేతనాలకు వినియోగిస్తామని కంపెనీ ప్రకటించింది. మంచిదే. దానం చేసినంత మాత్రాన ధర ఎక్కడినుంచి పుట్టిందన్న ప్రశ్న మాసిపోదు.

అదే కంపెనీ పందెపు కారు ఇంకొకటి, డబ్ల్యూ 196, దీన్ని అమెరికాలోని ఇండియానాపొలిస్ మ్యూజియం వాళ్ళు 2025 ఫిబ్రవరిలో వేలం వేయించారు. పాట 4.65 కోట్ల యూరోల దగ్గర ఆగింది. కొన్నవాడు కట్టినది 5.1 కోట్ల పైచిలుకు. మధ్య తేడా వేలంసంస్థ రుసుము. బండికి ఒక మేకు కూడా కొట్టని మనిషికి నలభై అయిదు లక్షల యూరోలకు పైగా వచ్చిందన్నమాట. మ్యూజియమే అమ్ముకున్నదని గమనించండి. దశాబ్దాలుగా జనం టిక్కెట్టు కొని చూసిన వస్తువు ఒక్క మధ్యాహ్నంలో ఒక ఇంటి గోడల వెనక్కు పోయింది.

మార్క్సు చెప్పిన ఉపయోగపు విలువ, మారకపు విలువ మా బి.ఏ. పిల్లలకు పుస్తకంలో చదివితే ఎక్కవు. ఈ లెక్క చెబితే వెంటనే ఎక్కుతుంది. బండికి ఉపయోగం నడవడం. ఇక్కడ ఎంత తక్కువ నడిస్తే అంత ఎక్కువ ధర. ఉపయోగం సున్నాకు దిగినచోట మారకం ఆకాశానికంటింది.

ఇక 'అసలు' అన్న మాట సంగతి. వేలం జాబితాల్లో ఈ మాటకున్నంత గిరాకీ మరి దేనికీ లేదు. అసలు ఇంజను, అసలు ఛాసిస్, అసలు నంబర్లు. పందెపు కారుకు అసలు అనేది ఎక్కడ ఉంటుంది? ఒక పందేనికీ మరో పందేనికీ మధ్య ఇంజను మారుతుంది, ఇరుసు మారుతుంది, గుద్దుకుంటే బాడీ మొత్తం మారుతుంది. మారకపోతే అది పందెపు కారే కాదు. ఈ చిక్కు 1990లో ఇంగ్లండు హైకోర్టుకు ఎక్కింది. 1929లోనూ 1930లోనూ లమాన్ గెలిచిన బెంట్లీ కారు ఒకటున్నది, దాని ముద్దుపేరు 'ఓల్డ్ నంబర్ వన్'. కోటి పౌన్లకు బేరం కుదిరాక కొనేవాడు అడ్డం తిరిగాడు, ఇది ఆ బండి కాదు, అందులో అప్పటి భాగాలు మిగల్లేదు అని. న్యాయమూర్తి ఓటన్ విచారించి, భాగాలు పోయిన మాట నిజమే, కాని ఒక్కసారిగా పోలేదు, ఒకటి తర్వాత ఒకటి మారుతూ వచ్చాయి, బండి ఉనికి ఎక్కడా తెగలేదు, కనుక ఇది అదే బండి అని తీర్పు చెప్పాడు.

ఈ తీర్పును మోటారు ప్రియులు న్యాయశాస్త్రపు వింతగా చెప్పుకుంటారు. నాకు అందులో గొప్ప సత్యం కనబడుతుంది. ఇనుము పోయినా బండి మిగిలిందంటే, దాన్ని మిగిల్చినది ఏది? ఒక భాగం తీసి మరొకటి బిగించిన చేతుల వరస. 'అసలు' అన్నది లోహంలో లేదు, ఆ తెగని శ్రమలో ఉన్నది. న్యాయస్థానం తెలియకనే ఒప్పుకున్నది ఇదే. అయితే కోటి పౌన్లు ఆ చేతులకు పోలేదు.

ఆ బెంట్లీ నడిపి గెలిచినవాడు, ఆ కంపెనీకి అధిపతి కూడా, ఉల్ఫ్ బార్నాటో. అతని ఆస్తి దక్షిణాఫ్రికాలోని కింబర్లీ వజ్రపు గనుల నుంచి వచ్చినది. నల్లవాళ్ళు గనిలో దిగితే తెల్లవాడు లమాన్‌లో గెలిచాడు. మన సింహాసనపు కారు ఆర్డరు చేసిన మహబూబ్ అలీఖానే 1891లో జాకబ్ వజ్రం కొన్నవాడు. అది కూడా దక్షిణాఫ్రికా గనిదేనంటారు. గోలకొండ ఖిల్లా నీడలో కూర్చుని ఆఫ్రికా వజ్రం కొన్న ప్రభువూ, ఆఫ్రికా వజ్రంతో పందెపుకార్లు పోషించిన ధనికుడూ ఒకరినొకరు ఎన్నడూ చూసి ఉండరు. గనిలో ఉన్నవాడు మాత్రం ఇద్దరినీ మోశాడు.

పాతప్రతుల పరిష్కరణ సంగతి అన్నాను. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను పెట్టి మనుచరిత్ర వంటి కావ్యాలకు ప్రతులు పోల్చి శుద్ధప్రతులు రాయించాడు. జూలూరి అప్పయ్యగారి పేరు మనకు ఈనాటికీ తెలుసు, ఎందుకంటే ఆ పని ఎవరు చేశారో ఆ పని మీదే రాసి ఉన్నది. పరిష్కర్తకు ఒక నీతి ఉన్నది. శిథిలమైన అక్షరాన్ని తాను ఊహించి నింపితే, ఇది నా ఊహ అని గుర్తు పెట్టాలి. పాఠాంతరాలు అడుగున ఇవ్వాలి. ప్రక్షిప్తమని తోచినది చెప్పాలి. అట్లా చెప్పకుండా నింపినవాణ్ణి మనం పండితుడనం, దొంగ అంటాం. వేలానికి సిద్ధం చేసే మోటారు పునరుద్ధరణలో కోరేది సరిగ్గా దీనికి విరుద్ధమైన గుణం. అతుకు కనబడకూడదు. ఎంత బాగా దాచితే అంత నిపుణత. నలుగురు మేస్త్రీలు ఆరునెలలు చేసిన పని చూసేవాడికి కనబడకుండా పోవాలి, అప్పుడే దాన్ని 'అసలు' అంటారు. శ్రమను చెరిపివేయడమే ఇక్కడ శ్రమ. బాగుచేసిన సంస్థ పేరు జాబితాలో పడవచ్చు. కొట్టిన చేయి పేరు పడినట్లు నేను చూడలేదు.

ఆ చేతుల గురించి కొంచెం నిలిచి చెప్పాలి. మా విద్యార్థి ఒకడు పురానాపూల్ దగ్గర షెడ్డులో పనిచేస్తాడు. ఒక పాత అమెరికన్ కారు వెనక మడ్‌గార్డు బాగుచేయడానికి తనకూ ఉస్తాదుకూ పదకొండు వారాలు పట్టిందని చెప్పాడు. కొత్తది దొరకదు. తుప్పు తిన్నచోట కోసి, రేకు అచ్చు తీసి, గ్యాసు వెల్డింగు పెట్టి, వంపు వచ్చేదాకా లోపల దిమ్మె ఆనించి పైనుంచి చిన్న సుత్తితో కొట్టాలి. కన్నుతో చూస్తే తెలియదట. కళ్ళు మూసుకుని అరచేత్తో రాస్తే మిట్టపల్లాలు దొరుకుతాయట. "చెయ్యి చెబుతది సార్" అన్నాడు. ఇరవై ఏళ్ళవాడు. ఈ మాట నేను అలంకారశాస్త్రంలో ఎక్కడా చదవలేదు. ఇంకా పాత ఇంజన్లలో బేరింగులు విడిగా దొరికేవి కావు. తెల్లలోహం కరిగించి పోసి, ఆరాక గీకి కుదర్చాలి. అప్పటి కార్ల బాడీలకు రేకు కింద కర్రచట్రం ఉండేది. అది పుచ్చితే మోటారు మెకానిక్కు కాదు, వడ్రంగి కావాలి. జుమ్మేరాత్ బజారులో గురువారం తుక్కు కుప్పల్లో వెదికి తెచ్చిన ముక్కను ఖరాదు మీద తిప్పి, ఇంగ్లండులో ఆగిపోయిన భాగాన్ని పాతబస్తీలో మళ్ళీ పుట్టిస్తారు. ఈ నైపుణ్యం చిన్నది కాదు.

"మరి ఉపాధి దొరుకుతున్నది గదా!" అని వైభవవాదులు ఇక్కడే అందుకుంటారు. ఏ ఉపాధి? పాత రంగులో సీసం ఉంటుంది. గీకితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాత బ్రేకు లైనింగుల్లో, గాస్కెట్లలో ఆస్బెస్టాసు ఉంటుంది. షెడ్డులో ముక్కుకు కట్టుకునేది చేతిరుమాలు. పదిమంది కంటె తక్కువ పనిచేసేచోటికి ఈఎస్ఐ రాదు. ఇద్దరు ముగ్గురు 'చోటూ'లున్న షెడ్డుకు అది ఏనాటికీ రాదు. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. పద్నాలుగేళ్ళ లోపువాళ్ళను ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. కాని బడి అయ్యాక సొంత కుటుంబపు పనిలో సాయం చేయవచ్చునని సందు వదిలారు. మేనమామ షెడ్డు కుటుంబపు పనేగదా! ఆ విద్యార్థి చేసిన కారు యజమాని, పేరు అనవసరం, పని ముగిశాక దాని ముందు నిలబడి ఫోటోలు తీయించుకున్నాడు. ఉస్తాదును పక్కకు జరగమన్నారట, రేకు మీద నీడ పడుతున్నదని.

చట్టాల మాట వచ్చింది గనుక ఇంకొకటి. 2021 జులైలో కేంద్రప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలు సవరించి యాభై ఏళ్ళు దాటిన బండ్లకు 'వింటేజి' హోదా కల్పించింది. 20,000 రూపాయలు కడితే ప్రత్యేక వరసలో నంబరు, మళ్ళీ గడువు పెంచుకోవడానికి 5,000. రోజువారీ తిప్పకూడదు, వ్యాపారానికి వాడకూడదు, ప్రదర్శనకు తీసుకుపోవచ్చు. అదే ప్రభుత్వం 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు, ఆర్టీసీ బస్సులతో సహా, రిజిస్ట్రేషను పొడిగించకూడదన్నది. రెండు ఉత్తర్వులూ పక్కపక్కన పెట్టి చదవండి. లక్షలమందిని మోసిన బండి పదిహేనేళ్ళకు తుక్కు. ఎవరినీ మోయనని ప్రమాణం చేసిన బండికి యాభై ఏళ్ళకు పట్టాభిషేకం. పొగ సంగతి నాకు తెలియక కాదు. పాత బస్సు పొగ పీల్చేది కూడా పాతబస్తీయే, కొత్త బస్సులు రావలసిందే. కాని తుక్కయిన బస్సు స్థానంలో మా విద్యార్థులకు కొత్త బస్సు వచ్చిందా అన్న ప్రశ్నకు జవాబు పొద్దున ఎనిమిదిన్నరకు అఫ్జల్‌గంజ్‌లో నిలబడితే దొరుకుతుంది. ఇదే నగరంలో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ చుట్టూ రోడ్లు మూసి ఫార్ములా ఈ కార్ల పందెం నడిపించారు. మరుసటి ఏడాది పందెం రద్దయింది. రోడ్డును జనం నుంచి తీసి పందేనికి ఇవ్వడం ఎంత తేలికో ఆ వారం రోజుల్లో చూశాం.

బస్సు చరిత్ర కూడా చరిత్రే. 1932లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది కార్మికులతో మొదలయింది. స్కాట్లండులో తయారైన ఆల్బియన్ బస్సులు. ఆ కాలపు ఆల్బియన్ ఒకటి బాగుచేయించి ముషీరాబాదులోని బస్ భవన్‌లో ఉంచారు. నేను ఎందరినో అడిగి చూశాను. సింహాసనపు కారు చూసినవాళ్ళు తరగతికి ముప్పైమంది ఉంటే బస్సు చూసినవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరి తండ్రులూ ఆర్టీసీ డ్రైవర్లు.

ఇక మన రెండో పక్షం మిత్రులు. దొరల బొమ్మలు పోతే పోనీ అంటారు. పోవడమంటే ఏమిటో వారు ఆలోచించినట్లు లేదు. తుక్కులో కరిగిపోతే అదొక దారి. కాని ఈ కాలంలో వస్తువులు కరగడం లేదు, అమ్ముడుపోతున్నాయి. 2019 జూన్‌లో న్యూయార్కులో క్రిస్టీస్ సంస్థ భారతీయ రాజుల నగలు, ఆయుధాలు వేలం వేసినప్పుడు హైదరాబాదు నిజాం ఖడ్గం కూడా అందులో ఉన్నది. మన రైతు శిస్తుతో చేసిన వస్తువు మన రైతు మనవడు ఇక ఎన్నడూ చూడడు. మనం వదులుకున్నది బొమ్మను కాదు, సాక్ష్యాన్ని. దోపిడీ జరిగిందని రాసిన పుస్తకం ఎవరైనా కాదనవచ్చు. సింహాసనం బిగించిన మోటారును కాదనడం కష్టం.

ఈ నగరానికి ఇంకో దారి తెలుసు. మూడో సాలార్‌జంగ్ 1949లో వారసులు లేకుండా చనిపోయాడు. ఆ వేల వస్తువులు వేలానికి చెదిరిపోయి ఉండవలసినవే. చెదరలేదు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో మ్యూజియంగా తెరిచారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ సంస్థ చేసింది. ఈనాడు పదిరూపాయల బఠాణీలు కొనుక్కుని పాతబస్తీ పిల్లలు సంగీత గడియారం ముందు కూర్చుంటారు. నిజాం నగల దగ్గర అంత తెలివి ఆలస్యంగా వచ్చింది. 1995లో 218 కోట్లు ఇచ్చి కేంద్రం కొన్నది. కొని రిజర్వు బ్యాంకు ఖజానాలో దాచింది. జనం సొమ్ముతో చేయించినదాన్ని జనం సొమ్ముతో మళ్ళీ కొనడం ఒక వింత అయితే, కొన్నాక ఎప్పుడో అరుదుగా తప్ప జనానికి చూపకపోవడం రెండో వింత.

మోటార్ల విషయంలో చట్టం లేక కాదు. 1972 నాటి పురావస్తువుల చట్టంలో నూరేళ్ళు దాటిన, గతకాలపు శాస్త్రానికీ చేతిపనులకూ ఆచారాలకూ రాజకీయాలకూ నిదర్శనమైన ఏ వస్తువైనా పురావస్తువే. ప్రైవేటు వ్యక్తి దాన్ని దేశం దాటించకూడదు. 1912 నాటి కారు ఈ నిర్వచనంలోకి రాదని ఎవరు చెప్పగలరు? విగ్రహానికి వర్తించే చట్టం మోటారుకు వర్తించదని ఎక్కడా రాసిలేదు. తెలంగాణ ప్రభుత్వపు పురావస్తు శాఖ గన్‌ఫౌండ్రీ ఆఫీసులో కూర్చునే బదులు నగరంలోని గారేజీలన్నీ తిరిగి, నూరేళ్ళు దాటిన ప్రతి బండినీ ఒక పట్టికలోకి ఎక్కించాలి. అందులో యజమాని పేరుతో పాటు, ఇంతకుముందు దాన్ని బాగుచేసినవాళ్ళ పేర్లు తెలిసినంతమేరకు రాయాలి. ఇక మీద చేసేవాళ్ళ పేర్లు తప్పనిసరిగా రాయాలి. ఏ భాగం పాతది, ఏది కొత్తగా కొట్టినది, ఎవరు కొట్టారు. మనుచరిత్ర శుద్ధప్రతికి ఉన్నపాటి నిజాయితీ మడ్‌గార్డుకు ఎందుకు ఉండకూడదు?

ఇది సంస్కరణవాదం అని నవ్వే మిత్రులు కొందరుంటారు. బహదూర్‌పురాలో, జూపార్కు దగ్గర, సుధా కార్ల మ్యూజియం చూసి కూడా మన మేధావులు ఇట్లాగే నవ్వుతారు. తుక్కుతో చేసిన బండ్లు, చెప్పు ఆకారంలో ఒకటి, క్రికెట్ బ్యాటు ఆకారంలో ఒకటి, వంకాయలాగా ఒకటి. కళగా అవి గొప్పవని నేను అనను. కాని చేసినవాడి పేరు అక్కడ ఉన్నది, ఏ తుక్కుతో చేశాడో చెబుతాడు, ఆ బండ్లు నడుస్తాయి. వేలంపాటల జాబితాల్లో ఈ మూడూ కలిసి ఉన్న బండి ఒక్కటి చూపించండి.

మన సంఘం చేయదగిన పని ఇంకా దగ్గరలోనే ఉన్నది. పాతబస్తీ షెడ్లలో అరవై, డెబ్భై ఏళ్ళ ఉస్తాదులు ఇంకా ఉన్నారు. వాళ్ళలో చాలామందికి రాయడం రాదు. వాళ్ళ పని రాయగలవాళ్ళకు షెడ్డు దారి తెలియదు. ఏ కారు ఎప్పుడు చేశారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎంత ఇచ్చారు, సీసం పొడి ఎవరిని తీసుకుపోయింది, ఇవన్నీ ఉర్దూలోనూ తెలుగులోనూ నోట్‌బుక్కుల్లోకి ఎక్కించాలి. మా కళాశాల నుంచి తొమ్మిదిమంది విద్యార్థులు ఈ వేసవిలో సిద్ధంగా ఉన్నారు. షెడ్లు పొద్దున ఏడింటికి తెరుస్తారు. శుక్రవారం సెలవు. రాదలచినవారు నోట్‌బుక్కుతో పాటు పాతబట్టలు వేసుకుని రావాలి.